జావరటి పిలక

కనకాంబరాలు సగం అయిపోయాయి. లోహిత రెండు పువ్వులు అటు, రెండు పువ్వులు ఇటు పెట్టి, అరటినార తిప్పి ముడి బిగిస్తోంది. ఆదివారం పూట చంద్రకాంతమ్మవ్వ ఇంటి వెనక వసారాలో కూర్చుని పూలు కట్టుకోవడం ఆమెకు చిన్ననాటి అలవాటు. వారమంతా తిరుపతిలో ఉద్యోగం. రేణిగుంట దారిలో, సీసాల్లో మొక్కలు పెంచే ఒక ల్యాబులో ఆమె పని చేస్తోంది. పువ్వుల్లో కంటికి కనిపించని బూజు ఉంటుందని, తలలో పూలతో అక్కడ ఎవరినీ లోపలికి రానివ్వరు. అందుకని వారం పూలన్నీ ఆదివారం ఒక్కరోజే పెట్టేసుకుంటుందని అవ్వ ఎగతాళి చేస్తుంది.

ఆ రోజు నార మాటిమాటికీ తెగుతోంది.

"ఏం మే, పూలు కడతాండావా, నారతో కొట్లాడతాండావా?" అంది అవ్వ. ఆమె మెట్టు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"నీ నారే అవ్వా. మూరెడు కూడా రాలా."

"మూరెడు రాకపోవడమేంది? నా చెట్టు నారతో బావిలో చేద కట్టి తోడచ్చు. నీ చేతులే ఆ సీసాలు పట్టుకుని పట్టుకుని మొద్దుబారినాయి."

లోహిత నవ్వి, ఇంకో అరటి పట్ట చీల్చుకొద్దామని లేచింది. తానాల బండ మీద నుంచి నీళ్లు జారిపోయే చోట అవ్వ అరటిదుబ్బు ఉంది. ఊరందరికీ దాని పేరు జావరటి. కాయ పొట్టిగా, అంచులు తేలి ఉంటుంది. పండితే పెద్ద రుచేమీ ఉండదు. పచ్చిగా ఉండగానే కోసి, తొక్క తీసి, పలచగా తరిగి, ఎండబెట్టి, దంచి, వస్త్రకాయం పట్టి పిండి చేస్తారు. ఊళ్లో ఏ బిడ్డకైనా పాలు కాక మొదట నోట్లో పడేది ఆ పిండితో కాచిన జావే. సత్యవేడు అవతల, అరవదేశం సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో, ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా చంద్రకాంతమ్మవ్వ ఇంటి నుంచి పిండి వెళ్తుంది. ఆమె అత్త కాలంలోనూ అంతే.

లోహితకైతే ఆ జావ తొలిముద్దతో ఆగలేదు. ఆమె పుట్టినప్పుడు వాళ్లమ్మకు కామెర్లు వచ్చి ఆసుపత్రిలో పడిపోయింది. ఆవుపాలు పట్టిస్తే బిడ్డకు ఇమడలేదు. ఏం పోసినా కక్కేసే పసిగుడ్డును ఒళ్లో వేసుకుని, గంజికన్నా పలచగా కాచిన జావను దూది వత్తితో నాలుక మీద పిండి పిండి నిలబెట్టింది చంద్రకాంతమ్మవ్వ. ఈ సంగతి అవ్వ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మే చెప్పేది, ప్రతి పుట్టినరోజుకూ.

లోహిత దుబ్బు దగ్గర నిలబడింది. పట్ట చీల్చడానికి చెయ్యి చాపింది కానీ చీల్చలేదు.

ఆకులు విప్పారి వంగడం లేదు. సన్నబడి, పొట్టిబడి, చెట్టు నెత్తిన చీపురుకట్టలా నిటారుగా గుబురుకొని ఉన్నాయి. అంచులు పసుపుబారాయి. ఆమె దుబ్బు చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ఒక ఆకు కాడ మీద తెల్లటి బూడిదను బొటనవేలితో తుడిచింది. కింద ముదురాకుపచ్చ గీతలు, చుక్కలు, మళ్లీ గీతలు. ఇలాంటి కాడ బొమ్మ ల్యాబులో చేతులు కడుక్కునే తొట్టి పైన గోడకు అతికించి ఉంది. రోజూ చూస్తుంది దాన్ని.

"యాల మే, అట్ల నిలబడిపోతివి?" అంది అవ్వ. "నువ్వు మాట్లాడకుండా ఉండేది నాకు కొత్త గాదు. ఇది వేరే మాదిరి ఉండాది."

"ఈటికి తెగులు అవ్వా. వైరస్."

"కరోనా మాదిరా?"

"అట్లాంటిదే. మందు లేదు. పేనుబంక ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోస్తాది. చెట్టుకి వచ్చినాక పిలకలో కూడా ఉంటాది."

చింతగింజ అవ్వ వేళ్ల మధ్యే ఆగిపోయింది. "పిలకలోనా?"

ఎందుకలా అడిగిందో లోహితకు తెలుసు. వానలు మొదలయ్యాక అవ్వ దగ్గర పిలక తీసుకెళ్లని ఇల్లు ఆ వీధిలో లేదు.

అవ్వ పిలక ఇవ్వడం ఒక తంతు. గడ్డపారతో ఆమే తవ్వి తీస్తుంది. వేళ్లు చెక్కి, పేడనీళ్ల బకెట్లో ముంచి తీస్తుంది. దాన్ని చేతికివ్వదు. ఉప్పు, నూనె చేతికివ్వనట్టే, నేల మీద పెట్టి వెనక్కు జరుగుతుంది. తీసుకునేవాళ్లు వంగి ఎత్తుకోవాలి. ఎత్తుకున్నాక నోరు తెరవకూడదు. తమ మట్టిలో పాతి, చెంబెడు నీళ్లు పోసేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. మాట వినిపిస్తే పిలక తల్లివైపు తిరిగి చూస్తుందట, కొత్త మట్టి పట్టదట. పాలు మాన్పించిన బిడ్డను పక్కింటికి ఎత్తుకుపోయేటప్పుడు ఎవరూ కిక్కురుమనరు కదా, అలాగ. పోయొస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోతేనే అవ్వకు మర్యాద. పిలక ఎత్తుకున్న మనిషి కనిపిస్తే వీధిలో పిల్లలకు పండగే. వెంటపడి, కోతి మొహాలు పెట్టి, ఎలాగైనా మాట్లాడించాలని చూస్తారు. ఒకసారి గోవిందు వెంట కుక్క పడింది. నోరున్న మనిషి, ఊరికే ఉన్నా అరిచినట్టే మాట్లాడే మనిషి, ఆ రోజు కుక్కను అదిలించలేక, పిలకను గుండెలకు హత్తుకుని నోరు మూసుకుని పోయి కంపచెట్టులో పడ్డాడు. ముళ్లు తీయించుకునేటప్పుడు కూడా మాట్లాడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ గోవిందే మరుసటి వారం వీధిలో నిలబడి అరిచాడు. అవ్వకు వరసకు మరిది. ఈ వానలకే అవ్వ దగ్గర పిలక తీసుకెళ్లి తన రస్తాలి అరటితోట గెనిమ గట్టు మీద నాటుకున్నాడు. గెనిమ మీది నుంచి తెగులు తోటలోకి దిగింది. వ్యవసాయాధికారి వచ్చి చూసి, తోటంతా తవ్వి పూడ్చమన్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే గోవిందు వేలు చూపించాడు.

"వదినా! ఇంట్లోనే ఉండావు గదా, బయటికి రా! నీ చేతి పిలక నా తోటని మింగేసినాది. చల్లని చెయ్యని నెత్తిన పెట్టుకుని పోతిని. నువ్విచ్చింది పిలక గాదు, కొరివి!"

ఆదివారం కాబట్టి లోహిత వీధిలోనే ఉంది. "ఆమెకి తెలీదు మామా," అంది. ఆయన గొంతులో అది కలిసిపోయింది. పక్కన నిలబడి విన్నవాళ్లెవరో, "తెలీకపోతే మాత్రం? మా ఇంటికి కూడా ఇచ్చినాది," అన్నారు.

అవ్వ బయటికి రాలేదు. ఆ సాయంత్రం పెరటి తడికకు లోపలి నుంచి తాడు కట్టేసింది. ఎవరు వచ్చినా అందుబాటులో ఉండాలని రోజంతా తీసి ఉంచే తడిక అది.

అవ్వ దుబ్బును కూడా పీకేయాలని అధికారి గడువు పెట్టి వెళ్లాడు. "పీకేస్తాలే," అంది అవ్వ లోహితతో. "నాతోనే పోనీ. మా అత్త నా చేతిలో పెట్టినాది, నేను అగ్గిలో పెడతాండా. ఇంగ యాడా లేదు గదా ఈ రకం?"

యాడా లేదు. లోహిత అడిగి చూసింది. ఇతర ఊళ్లవాళ్లెవరికీ ఆ పేరు కూడా తెలియదు.

"నాకొక పిలక ఇయ్యవ్వా," అంది.

"పిచ్చిదానివా? రోగం పిలకలో ఉంటాదని నువ్వే గదా చెప్పినావు."

"పిలకంతా ఉంటాది. కానీ దాని నడిమధ్యన, ఉల్లిగడ్డ ఒలిచినట్టు పొర మీద పొర ఒలిచేసినాక, ఆవగింజ కన్నా చిన్న మొన ఉంటాది. కొత్త ఆకులు పుట్టేది ఆడనే. రోగం చెట్టు నరాల్లో పాకతాది. ఆ మొనకి ఇంకా నరాలే పుట్టి ఉండవు. అందుకని ఒక్కోసారి ఆడిదాకా పోదు. దాన్ని మాత్రమే కోసి సీసాలో పెంచితే..."

"ఒక్కోసారా?"

"ఒక్కోసారే."

అవ్వ పోయి గడ్డపార తెచ్చింది.

ల్యాబులో లోహిత ముందే అడిగి పెట్టుకుంది. అక్కడ పెద్దావిడ ప్రసన్నకుమారి మేడం, చిత్తూరు మనిషి, మాటలో సగం చీవాట్లు, సగం ఆజ్ఞలు. "మనది అమ్మకానికి జీ-నైన్ రకం అరటి మొక్కలు చేసే చోటు లోహితా, పాత చెట్లు దాచిపెట్టే మ్యూజియం కాదు. రోగమున్న పిలక లోపలికి తెస్తావా?" అంది. లోహిత తల వంచుకుని నిలబడింది. "ఏముంది ఆ అరటిలో అంతగా?" అని అడిగితే, "దాని జావ తాగే నేను బతికినాను మేడం," అంది. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మూల గదిలో చెయ్. బ్లేడు, పట్టకారు విడిగా పెట్టుకో. నీ భోజనాల టైములో. పాడైతే నా దగ్గర ఏడవకూడదు."

అవ్వ పిలక తవ్వింది, చెక్కింది. ఆ తర్వాత, అలవాటుగా, పేడనీళ్ల బకెట్ దగ్గరకు నడిచింది. లోహిత నోరు తెరిచింది. బయటి మురికి ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని ఆమెకు తెలుసు. కానీ అవ్వ పిలకను రెండు చేతులా పట్టుకుని, బిడ్డకు తలంటు పోసినంత నెమ్మదిగా ముంచి తిప్పుతోంది. అంత తిట్టించుకున్న మనిషి మొహం ఆ కాసేపు తేటపడింది. లోహిత నోరు మూసుకుంది. అక్కడికి పోయి బాగా కడుక్కుంటే సరిపోతుందిలే అనుకుంది.

పిలకను నేల మీద నుంచి ఎత్తుకుని, తువ్వాల్లో చుట్టి, మాట్లాడకుండా బస్సెక్కింది. కండక్టర్ వచ్చి, "యాడికమ్మా?" అన్నాడు. ఆమె ఫోన్లో తిరుపతి అని రాసి చూపించింది. కండక్టర్ మొహం మెత్తబడిపోయింది. "పాపం, మాటల్రావు," అని అందరికీ వినపడేట్టు చెప్పి, కిటికీ పక్కన ఒకాయనను లేపి మరీ ఆమెను కూర్చోబెట్టాడు. లోహిత సిగ్గుతో చచ్చిపోయింది. అయినా మాట్లాడలేదు. ల్యాబు గేటు దగ్గర మాత్రం వాచ్‌మన్ తువ్వాలు విప్పి చూపించందే కదలనివ్వలేదు. నాలుగు మాటలు మాట్లాడక తప్పలేదు.

పిలకను సబ్బుతో కడిగింది, మందునీళ్లలో నానబెట్టింది, కాచి చల్లార్చిన శుద్ధమైన నీళ్లలో మళ్లీ మళ్లీ ముంచి తీసింది. గాలి వడకట్టి వీచే బల్ల ముందు కూర్చుని, దీపం మంటలో బ్లేడు కాల్చుకుంటూ, పొర మీద పొర ఒలిచింది. లోపల్లోపలికి పోయేకొద్దీ తెల్లదనం, మెత్తదనం. చివరికి భూతద్దంలో కనిపించే ముత్యం ముక్క. దాన్ని, దాని చుట్టుపక్కల చిగురు కళ్ల మొనలనూ కోసి ఒక్కో సీసాలో ఒక్కోటి పెట్టింది.

వారం తిరగకుండానే సీసాల్లో అడుగున మబ్బు కమ్మింది. పాలు విరిగినట్టు తెల్లటి జిగురు ముక్క చుట్టూ పాకింది.

"బ్యాక్టీరియా," అంది మేడం సీసాను వెలుతురుకు పట్టి. "లోపలిదాకా పోయింది. పిలకను కోసిన గాయం మీద ఏమైనా పూశారా?"

లోహిత చెప్పింది.

"పేడా!" మేడం అరవబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. "ఇంకోటి తెచ్చుకో. ఈసారి ఒట్టి నీళ్లతో కడిగి, శుభ్రమైన కాగితంలో చుట్టి తీసుకురా. ఇంకో పిలక ఉందా?"

ఉందో లేదో లోహితకే తెలియదు. అధికారి పెట్టిన గడువు దాటిపోయింది. ఊరికి పోయే బస్సులో పాత కండక్టరే ఉన్నాడు. ఆమె టికెట్ అడిగేసరికి వెనక్కి ఒక అడుగు వేశాడు. "మాటలొచ్చేసినాయే! యాడ మొక్కుకున్నావు తల్లీ, కాళహస్తిలోనా?" అన్నాడు. ఆమె నవ్వలేక నవ్వింది.

ఊళ్లో దిగేసరికి అవ్వ ఇంటి ముందు గోవిందు గొంతు. "ఇంగా పెట్టుకునే ఉండావా వదినా? ఎవుర్ని చంపాలని? మా తోట తవ్వి పూడ్చినాము. నువ్వు మాత్రం దేవతని పెట్టుకున్నట్టు పెట్టుకుండావు!"

"ఈ పొద్దు తీసేస్తాను పో," అంటోంది అవ్వ తలుపు సందులోంచి. లోహితను చూడగానే ఆమె కళ్లు ఆశగా వెలిగాయి. "ఏమైనాది?"

లోహిత ఆమెను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, సీసాలన్నీ పాడైపోయాయని చెప్పింది.

"మాట్లాడినావు గదా దోవలో?" అంది అవ్వ.

"గేటు కాడ మాట్లాడినాను. కానీ దాని వల్ల గాదు అవ్వా. పేడనీళ్ల వల్ల. తప్పు నాదే. వద్దని చెప్పాల్సింది, నోరు రాలా."

అవ్వ ఒళ్లో చేతులు పెట్టుకుని ఆ చేతుల్నే చూసుకుంది. "నేను బలమని పెట్టింది గూడా దానికి విషమే అయినాదా?" అంది. "ఈ చేతుల్తో ఇంగ ఏం ఇచ్చినా ఇంతేనా?"

లోహిత ఆ చేతులు పట్టుకుంది. "ఈ చేతుల్తో జావ పోసినావు. నేను ఈడ కూర్చోలేదా?"

అవ్వ లేచి, గడ్డపార తీసుకుని పెరట్లోకి వెళ్లింది. దుబ్బులో అన్నిటికన్నా చిన్న పిలకను తీసింది. బకెట్ ఉన్న వైపు కాళ్లు వాటంతటవే నడిచాయి. సగం దారిలో నిలబడిపోయింది. వెనక్కు తిరిగి కొళాయి దగ్గర కూర్చుని, నీళ్లు ధార కట్టి, మట్టి రేణువు లేకుండా కడిగింది. కొంగుతో తుడవబోయి, కొంగు వైపు చూసుకుని మానేసింది. "బోసిగా పంపిస్తాండా మే," అంది. "చమురు రాయకుండా బిడ్డని పంపినట్టుండాది." కాగితం మీద పెట్టి, కాగితాన్ని నేల మీద పెట్టి, వెనక్కు జరిగింది.

లోహిత పిలకతో వీధి మలుపు తిరిగేసరికి వెనక గడ్డపార దెబ్బలు మొదలయ్యాయి. దుబ్బు మొత్తాన్ని అవ్వ ఒక్కతే తవ్వి తీసి తగలబెట్టిందని తర్వాత తెలిసింది.

బస్సులో కండక్టర్ ఆమె ముందుకొచ్చి టికెట్ అడిగాడు. ఆమె ఫోన్ తీసి రాసి చూపించింది.

"మళ్లీ పోయినాయా!" అన్నాడు అతను గుండెల మీద చెయ్యేసుకుని.

ఈసారి వాచ్‌మన్‌కు రాసే చూపించింది. మేడం "గొంతు నొప్పా?" అంటే తల అడ్డంగా ఊపింది. మూల గదిలో కూర్చుని, ఒలిచి, కోసి, సీసాలో పెట్టి, మూత బిగించాక, "అయింది మేడం," అంది. అదే ఆ రోజు ఆమె మొదటి మాట. శుభ్రంగా తేవడం వల్ల బతుకుతుందో, మాట్లాడకపోవడం వల్ల బతుకుతుందో లోహితకు తెలుసు. అయినా రెండూ పాటించింది.

ముక్కలు మొదట నల్లబడ్డాయి. కోసిన అరటి నల్లబడడం మామూలే. నల్లబడిన చోటు తీసేసి కొత్త సీసాల్లోకి మార్చింది. మళ్లీ నల్లబడ్డాయి, మళ్లీ మార్చింది. కొన్ని చచ్చిపోయాయి. కొన్ని తెల్లటి బొడిపెలుగా ఉబ్బాయి. భోజనానికి వెళ్లే ముందు ఆమె రోజూ చల్లగదిలో ఆ మూల అర ముందు నిలబడేది. ఒక మధ్యాహ్నం ఒక బొడిపె అంచున, చీమ కాలంత, పచ్చటి చార కనిపించింది. ఎవరితోనూ చెప్పలేదు. తెల్లారి మళ్లీ చూసి, నిజమే అనుకున్నాక మేడంను పిలిచింది.

బొడిపె పిల్లలు వేసింది. విడదీసి వేరే సీసాల్లో పెడితే అవీ వేశాయి. వేళ్లు తొడిగాయి. మేడం ఆకుముక్కలు పరీక్షకు పంపించింది. ఒక వరసలో రోగం ఇంకా ఉందని తేలితే, ఆ సీసాలన్నిటినీ పెద్ద కుక్కర్ లాంటి పాత్రలో ఉడికించి పారేశారు. మూత పెట్టింది లోహితే. మిగతా వరసల్లో రోగం లేదని వచ్చింది. రెండోసారి పరీక్ష చేయించినా అదే మాట. "దీనికి నీ భోజనాలన్నీ పోయాయి. చిక్కిపోయావు," అంది మేడం. "మా అమ్మకు చెప్తే ఆ జావ పిండి కావాలంటోంది, మా చెల్లి కూతురికి. పంపిస్తుందా మీ అవ్వ?" లోహిత రెండు చేతులూ జోడించింది.

ఆ ఆదివారం మేడం అనుమతితో ఒక సీసాను ఊరికి తీసుకెళ్లింది. అవ్వ దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని వసారాలో వెలుతురులోకి వచ్చింది. సీసాలో వేలెడు లేని నాలుగు మొక్కలు. వాటి కింద మట్టి లేదు, గాజులా మెరిసే ముద్ద ఉంది.

"ఇదేనా?"

"ఇదే అవ్వా. నీ జావరటే."

"మట్టి లేదు, పేడ లేదు. ఏం తిని బతుకుతాండాది మే?"

"చక్కెర, కొన్ని ఉప్పులు, కాసింత విటమిన్. సముద్రపు నాచు నుంచి తీసిన పొడి కలిపి కాస్తే గట్టిపడతాది. మేమే పొద్దున్నే కాచి సీసాల్లో పోస్తాము."

అవ్వ సీసాను వంచి చూసింది. ముద్ద కదలలేదు. ఆమె మొహం నెమ్మదిగా విచ్చుకుంది. "జావ," అంది. "జావ కాచి పోసినావు దానికి."

లోహితకు అంతవరకూ అది తట్టలేదు. రోజూ చేసే పనే. పొద్దున్నే పొడి తూచి, నీళ్లలో కలిపి, ఉండ కట్టకుండా కలియతిప్పి, వేడి మీద పలచగా ఉండగానే సీసాల్లో పోస్తుంది. ఆమె అవ్వ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

మొక్కలు సీసాలోంచి బయటికి రావడానికి ఇంకా కాలం పట్టింది. కొబ్బరిపొట్టు నింపిన గుంతల పళ్లేల్లో, తడి ఆరని నీడలో, ఆ తర్వాత నల్లసంచుల్లో, వలకప్పు కింద. కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేశారు. వేసవి పోయి వానలు పడ్డాక, లోహిత నాయన ఆటో మాట్లాడుకుని వచ్చి ఊరికి తీసుకెళ్లాడు. సంచుల్లో మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. ఆకులు వెడల్పుగా విప్పారి, చివర్లు వంగి ఉన్నాయి.

పెరటి తడికకు కట్టిన తాడు ఇంకా అలాగే ఉంది. అందుకని మొక్కల్ని ముందు వసారాలో దించారు. లోహిత నాయన ఊళ్లో నలుగురికీ చెప్పొచ్చాడు. పొద్దు ఎక్కింది. దారిన పోయేవాళ్లు తల తిప్పి చూసి పోతున్నారు. గడప ఎవరూ ఎక్కలేదు.

"ఎవురూ రారులే," అంది అవ్వ లోపల్నుంచి. "ఒకసారి కాలినోళ్లు మళ్లీ పట్టుకుంటారా? నాలుగు మన పెరట్లో పెట్టుకుందాము. మిగతావి నువ్వు తీసుకుపో."

"ఉండవ్వా."

"నీకు ఓపిక ఎక్కువ మే."

మధ్యాహ్నం సంగటి తినే వేళకు వీధి మలుపులోనే గోవిందు గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతూనే వచ్చాడు, మాట్లాడుతూనే వసారా ఎక్కాడు. అవ్వ తినే కంచం వదిలేసి గోడకు ఆనుకుంది.

"ఇయ్యేనా ఆ గాజుసీసా పిల్లలు? ఏందో పెద్ద ఇది చేసినావంటనే పాపా! తల్లి లేకుండా పుట్టినాయంట, మట్టి లేకుండా పెరిగినాయంట. రేపు గెల కూడా సీసాలోనే వేస్తాదా ఏంది?" అని ఒక సంచిని పైకెత్తి కిందా మీదా చూశాడు. ఆకు కాడను బొటనవేలితో తుడిచి, కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఒక తోట పోగొట్టుకుని ఆయనా నేర్చుకున్నాడు ఆ పని. "ఈటికి ఆ రోగం ఉండదని ఒట్టేస్తావా?"

"ఇప్పుడు లేదు మామా. రెండుసార్లు పరీక్ష చేయించినాము. కానీ రాదని ఒట్టు వేయలేను. పేనుబంక యాడి నుంచైనా మోసకొస్తే మళ్లీ తగలచ్చు. ఆకు గుబురుకొనేది కనపడితే వెంటనే పీకేయాల, ఎవురి పెరట్లో అయినా సరే."

"సూడు, మాట్లాడకపోతే మాట్లాడవు, మాట్లాడితే ఇట్ల మాట్లాడతావు. అబద్ధం చెప్పేదానికి గూడా రాదు నీకు." సంచిని దించాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. గొంతు తగ్గింది. తగ్గినా పక్కింటికి వినపడేంత ఉంది. "అది గాదు వదినా. లోపలే ఉండావు గదా, వింటాండావు గదా. మా రేవతి నీళ్లు పోసుకున్నాది. మూడో నెల. నిన్న ఫోను చేసినాది. చేసి, నాయనా, జావ పిండి ఎట్ల అంటాది. ఆడ నగరిలో అన్నీ దొరుకుతాయి మే, డబ్బాల్లో పెట్టి అమ్ముతారు అంటే వినదు. అవ్వ చేతి జావే అంటాది. పొద్దున్నించి లెక్కేస్తాండా. ఇప్పుడు నాటితే బిడ్డకి ఆరో నెల వచ్చేసరికి గెల వస్తాదా రాదా అని. నేనేమో నిన్ను నోటికొచ్చినట్టు, నడివీధిలో..."

చంద్రకాంతమ్మవ్వ బయటికి వచ్చింది. ఆయన వైపు చూడలేదు. వసారాలో మొక్కల మధ్య నడిచి, ఒక్కోదాన్నీ చూసుకుంటూ పోయి, అన్నిట్లోకీ ఆకు వెడల్పుగా ఉన్నదాన్ని ఎంచింది. చేతులు పెరటివైపు, బకెట్ ఉండే మూలకేసి ఒక్క క్షణం తడుముకున్నాయి. లోహిత చూసి చిన్నగా నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. మొక్కను గడప ముందు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కు జరిగింది.

"...కొరివి అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను, నాకు నిద్ర పట్టక..." అంటున్న గోవిందు కిందికి చూశాడు.

మాట అక్కడే ఆగింది. ఇంకా చెప్పవలసింది చాలా ఉన్నట్టు ఆయన పెదవులు ఒకసారి కదిలాయి. అవ్వ మొహంలోకి చూశాడు. తర్వాత పై తువ్వాలు నడుముకు బిగించి, వంగి, రెండు చేతులా మొక్కను ఎత్తుకుని గుండెలకు ఆనించుకున్నాడు.

మెట్ల కింద పడుకున్న కుక్క లేచి మొరిగింది. గోవిందు నోరు గట్టిగా బిగించి, దాని పక్కనుంచి జాగ్రత్తగా దిగి, వెనక్కు తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.